ద్వేషం ప్రేమకు వ్యతిరేకమా, ప్రేమ నుంచే పుడుతుందా?

ప్రేమద్వేషాల గురించి మీరు రాసి అడిగిన ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలు ఉన్నాయి. ప్రేమ, ద్వేషం ఒకే శక్తికి రెండు రూపాలా అన్నది మొదటిది. మనిషిని పనికి పురికొల్పడంలో ఆ రెండింటిలో ఏది బలమైనది అన్నది రెండవది. ఒకప్పుడు ప్రాణంగా ప్రేమించిన మనిషిని ఇప్పుడు తీవ్రంగా ద్వేషిస్తున్నామంటే ఆనాటి ప్రేమ అబద్ధమేనా అన్నది మూడవది. ఈ చివరి ప్రశ్నను మీరు ఒక్క వాక్యంలో దాటేశారు కానీ, మిగిలిన రెండింటినీ మీ చేత అడిగించింది అదేనని నాకు అనిపించింది. మనస్తత్వశాస్త్రం బోధిస్తూ, విడిపోయే దశకు చేరిన దంపతులతోనూ మాటలు ఆగిపోయిన తోబుట్టువులతోనూ చాలా ఏళ్లుగా పనిచేస్తున్న వ్యక్తిగా నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. ఇవి సమాన హోదా గల రెండు ప్రత్యర్థి శక్తులు కావు. ద్వేషం లేకుండా ప్రేమ నిలబడగలదు. ద్వేషం మాత్రం ఏదో ఒక ప్రేమను, కనీసం తన మీద తనకున్న ప్రేమను, ఆధారం చేసుకోకుండా పుట్టజాలదు. అయితే పుట్టిన తరువాత అది తన మూలాన్ని మరచిపోయి సొంతంగా బతకడం నేర్చుకుంటుంది. చిక్కంతా అక్కడే ఉంది.

రెండూ సమాన శక్తులన్న భావన చాలా పాతది. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దానికి చెందిన గ్రీకు తత్వవేత్త ఎంపెడోక్లిస్, భూమి, నీరు, నిప్పు, గాలి అనే నాలుగు మూలద్రవ్యాలను కలిపేది ప్రేమ అనీ, విడదీసేది వైరం అనీ, ఈ రెండూ వంతులవారీగా పైచేయి సాధిస్తూ విశ్వాన్ని నడిపిస్తాయనీ చెప్పాడు. మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ 1920 నుంచి ప్రతిపాదిస్తూ వచ్చిన జీవనప్రవృత్తి, మృత్యుప్రవృత్తి అనే జంటకు పూర్వరూపాన్ని తన చివరి రోజుల్లో ఎంపెడోక్లిస్‌లోనే చూసుకున్నాడు. అంతకు ముందే, 1915లో, ద్వేషం ప్రేమ కంటే పాతదని కూడా ఆయన వాదించాడు. శిశువు మొదట బయటి ప్రపంచాన్ని తనను ఇబ్బందిపెట్టేదిగా ఎంచి తిరస్కరిస్తుందనీ, ద్వేషానికి ఆ తిరస్కారమే మూలమనీ ఆయన వాదన. దీనికి గట్టి జవాబు 1935లో స్కాట్లండ్ మనోవైద్యుడు ఇయాన్ సటీ నుంచి వచ్చింది. శిశువుకు పుట్టుకతో ఉండేది తోడు కోసం ఆరాటమనీ, ఆ ఆరాటానికి స్పందన దొరకనప్పుడు కలిగే ఆందోళన ముదిరి ద్వేషమవుతుందనీ, కాబట్టి ద్వేషం స్వతంత్రమైన సహజప్రవృత్తి కాదనీ, దారి మూసుకుపోయిన ప్రేమేననీ ఆయన వివరించాడు. నేను సటీ పక్షాన ఉన్నాను. పసిబిడ్డ గుక్కపట్టి ఏడవడం, చేతికందినదాన్ని విసిరికొట్టడం దగ్గర నుంచి గమనించినవారికి అందులో ఎవరినో నాశనం చేయాలన్న కోరిక కంటే ఎవరో ఒకరు రావాలన్న కోరికే ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ సంబంధాన్ని అతి తక్కువ మాటల్లో పట్టుకున్నవారు ఇద్దరు ఉన్నారు. పతంజలి యోగసూత్రాల ప్రకారం సుఖానుభవాన్ని అంటిపెట్టుకుని వచ్చేది రాగం, దుఃఖానుభవాన్ని అంటిపెట్టుకుని వచ్చేది ద్వేషం. రెండూ అవిద్య అనే ఒకే క్షేత్రంలో మొలిచేవే. 1677లో, డచ్ తత్వవేత్త స్పినోజా మరణించిన తరువాత వెలువడిన ఆయన నీతిశాస్త్ర గ్రంథంలో, ఫలానా బయటి కారణం వల్ల కలిగిందన్న భావనతో కూడిన సంతోషమే ప్రేమ అనీ, అదే విధమైన భావనతో కూడిన దుఃఖమే ద్వేషమనీ నిర్వచనం ఉంది. ఈ నిర్వచనాలు పైకి తూచినట్టు సమానంగా ఉంటాయి. కానీ దుఃఖం దేనికి కలుగుతుందని ఒకసారి అడిగి చూడండి. మనకు ఏమాత్రం పట్టనిదానికి నష్టం జరిగితే మనకు దుఃఖం కలగదు. అవమానించినవాడిని ద్వేషించే మనిషికి తన గౌరవం ప్రియమైనది. బిడ్డకు హాని చేసినవాడిని ద్వేషించే తల్లికి బిడ్డ ప్రియమైనది. తన స్థానాన్ని ఎవరో లాక్కుంటారని భయపడి వారిని ద్వేషించేవాడికి ఆ స్థానం ప్రియమైనది, అతనికి దాని మీద హక్కు ఉన్నా లేకపోయినా. ఏ ద్వేషాన్ని తవ్వినా అడుగున దెబ్బతిన్న ప్రియమైన వస్తువో, దెబ్బతింటుందని భయపడుతున్న ప్రియమైన వస్తువో బయటపడుతుంది. ప్రేమను తవ్వితే ప్రతిసారీ ద్వేషం బయటపడదు. వీటిని సమానమైనవిగా నేను అంగీకరించకపోవడానికి ప్రధాన కారణం ఇదే.

మూలంలో ప్రేమ ఉందని చెప్పడం ద్వేషానికి సమర్థన కాదని ఇక్కడే స్పష్టం చేయాలి. ప్రియమైనది అన్నంత మాత్రాన అది మంచిదని కాదు. ధృతరాష్ట్రుడి విషయంలో జరిగిన వినాశనానికి పాండవుల మీద ఆయనకున్న ద్వేషం కంటే కొడుకు మీద ఉన్న ప్రేమే పెద్ద కారణమని నేను నమ్ముతాను. తమ్ముడి పిల్లల మీద కొంత ఆపేక్ష ఉండి కూడా, విదురుడు చెప్పినదంతా విని కూడా, ఆయన దుర్యోధనుడిని ఆపలేకపోయాడు. హాని చేయడానికి ద్వేషం ఉండి తీరాలన్న నియమం లేదు. న్యాయం తెలియని ప్రేమ చాలు.

ఇక కోపాన్నీ ద్వేషాన్నీ వేరు చేసి చూడాలి, ఎందుకంటే మూడవ ప్రశ్నకు జవాబు దీని మీదే ఆధారపడి ఉంది. అరిస్టాటిల్ వక్తృత్వ కళ మీద రాసిన గ్రంథం రెండవ భాగంలో ఈ తేడాను చెప్పిన తీరును మించి నేటి వరకు ఎవరూ చెప్పలేదని నా ఉద్దేశం. కోపం ఒక వ్యక్తి మీద, ఆ వ్యక్తి మనకు చేసినదాని మీద వస్తుంది. ద్వేషం దొంగల వంటి ఒక వర్గం మొత్తం మీద కూడా ఉండవచ్చు. కోపాన్ని కాలం నయం చేస్తుంది, ద్వేషాన్ని చేయదు. కోపగించినవాడు తాను పడిన బాధ ఎదుటివాడికి తెలియాలని కోరుకుంటాడు. ద్వేషించేవాడికి ఎదుటివాడికి తెలిసినా తెలియకపోయినా ఒకటే, ఆ మనిషి లేకుండా పోతే చాలు. కోపంలో ఉన్నవాడికి జాలి కలగవచ్చు, ద్వేషించేవాడికి కలగదు. నా దగ్గరకు వచ్చే దంపతుల్లో నేను మొదట వెతికేది ఈ తేడానే. గొంతు చించుకుని నిందించే భార్య, తలుపు బాది వెళ్లిపోయే భర్త చాలాసార్లు ఇంకా కోపంలోనే ఉంటారు. వారికి ఎదుటి మనిషి నుంచి ఒక జవాబు కావాలి, తమ బాధ ఆ మనిషికి అర్థం కావాలి. జవాబు కోరుతున్నంత కాలం బంధం తెగిపోలేదు. అదే మాటను నెమ్మదిగా, కళ్లు ఎత్తకుండా, ఆ మనిషి గదిలో లేనట్టుగా చెప్పేవారిని చూసినప్పుడు నాకు ఎక్కువ ఆందోళన కలుగుతుంది.

ప్రేమించిన మనిషి మీద కలిగే ద్వేషం అంత తీవ్రంగా ఎందుకు ఉంటుంది? ప్రేమించినదాన్ని ద్వేషించడం మొదలైతే, అంతకుముందు ప్రేమ లేకపోయి ఉంటే కలిగేదానికంటే ఎక్కువ ద్వేషం కలుగుతుందనీ, పూర్వపు ప్రేమ ఎంత పెద్దదైతే ద్వేషం అంత పెద్దదవుతుందనీ స్పినోజా ఒక సూత్రంగానే చెప్పాడు. నా అనుభవం దీనికి ఒక వివరాన్ని జోడిస్తుంది. పరాయివాడు మోసం చేస్తే పోయేది డబ్బో, అవకాశమో. ప్రేమించినవారు మోసం చేస్తే మన గతం కూడా చేజారుతుంది. కలిసి గడిపిన ఏళ్లన్నింటినీ తిరిగి పరిశీలించి, ఏది నిజమో ఏది నటనో తేల్చుకోవలసిన పని మన మీద పడుతుంది. మన నిర్ణయశక్తి మీద మనకే నమ్మకం సడలుతుంది. పైగా మనకు ఎక్కడ తగులుతుందో ఆ మనిషికి తెలుసు, ఎందుకంటే మనమే చెప్పాం. అందుకే ఆ ద్వేషానికి అంత పదును ఉంటుంది. కాబట్టి మీ మూడవ ప్రశ్నకు నా జవాబు: ఇప్పటి ద్వేషం అప్పటి ప్రేమ అబద్ధమని నిరూపించదు. మీకు ఏమీ కాని మనిషి మీకు ఇంత దుఃఖాన్ని కలిగించలేడు.

అయితే ఈ జవాబును తలకిందులు చేసి వాడుకునేవారు ఉన్నారు. తిరస్కరించిన అమ్మాయి మీద దాడి చేసి, అంతగా ప్రేమించాను కాబట్టే అలా చేశాను అని చెప్పేవాడి మాటను నేను ఒక్క క్షణం కూడా ఒప్పుకోను. అక్కడ ఉన్నది బలమైన కోరికే కావచ్చు, కానీ ఆ కోరిక ఆమెను పొందడం గురించి, తన మాట నెగ్గడం గురించి. ఎదుటి మనిషి బాగుండాలని కోరే ప్రేమ తిరస్కారానికి గురైనప్పుడు శోకంగా మారుతుంది. ఎదుటి మనిషి తనది కావాలని మాత్రమే కోరే ప్రేమ పగగా మారుతుంది. చాలామందిలో ఈ రెండూ కలిసే ఉంటాయి, అందువల్ల శోకం, పగ కూడా కలిసే వస్తాయి. ఏది ఎంత పాళ్లలో ఉండేదో సంబంధం సాఫీగా సాగిన రోజుల్లో బయటపడదు, కాదనిపించుకున్న రోజున బయటపడుతుంది.

ప్రేమకు, ద్వేషానికి ఉన్న పోలిక ఒకటి మాత్రం నిజమైనది, అది ఏకాగ్రత. రాజసూయంలో శిశుపాలుడి తేజస్సు కృష్ణుడిలో లీనం కావడం చూసి, నిరంతరం దూషించినవాడికి ఈ గతి ఎలా దక్కిందని ధర్మరాజు ఆశ్చర్యపడినప్పుడు, వైరం వల్ల కలిగేంత తన్మయత్వం భక్తి వల్ల కూడా కలగదని నారదుడు బదులిస్తాడు. భాగవతం సప్తమస్కంధంలోని ఈ ఘట్టాన్ని భగవంతుడి మహిమగా చదవడం అలవాటు. మనస్తత్వం తెలిసినవారు అందులో కచ్చితమైన పరిశీలన ఒకటి ఉందని కూడా గ్రహిస్తారు. ద్వేషించేవాడు తన శత్రువును తలచుకోకుండా పూట గడపలేడు. శత్రువు ఏం చేస్తున్నాడో, ఎవరితో మాట్లాడుతున్నాడో ప్రేమికుడికి ఉన్నంత ఆత్రుతతోనే తెలుసుకుంటాడు. ప్రేమద్వేషాలు రెండింటికీ కలిపి ఉదాసీనత వ్యతిరేకమని ఫ్రాయిడ్ 1915లో అన్నది ఈ కారణం చేతనే. 2008లో లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన సెమిర్ జెకి, జాన్ రొమాయా 17 మందికి వారు ద్వేషించే వ్యక్తుల ముఖాలను చూపిస్తూ మెదడును స్కాన్ చేసినప్పుడు, శృంగారప్రేమలో చురుకుగా ఉండే పుటామెన్, ఇన్సులా అనే భాగాలు ద్వేషంలోనూ చురుకుగా కనిపించాయి. తేడా మరోచోట ఉంది: ప్రేమలో తర్కానికీ నిర్ణయానికీ సంబంధించిన విస్తృత ప్రాంతాల్లో చురుకుదనం తగ్గుతుంది, ద్వేషంలో అలా తగ్గేది చాలా కొద్దిభాగమే. అంటే ద్వేషించేవాడు లెక్కలు వేయడం మానడు. దీన్ని బట్టి రెండూ ఒకటేనని తేల్చడం మాత్రం తొందరపాటు. ఇన్సులా అసహ్యం, నొప్పి వంటి ఎన్నో స్థితుల్లో పనిచేస్తుంది, పైగా 17 మంది చిన్న సంఖ్య.

ఏది బలమైన ప్రేరణ అన్న రెండవ ప్రశ్నకు, ఎంత కాలానికి అని నేను తిరిగి అడగవలసి ఉంటుంది. తక్కువ కాలంలో ద్వేషానిదే పైచేయి. దానికి గురి స్పష్టంగా ఉంటుంది, ఫలితం కంటికి కనబడుతుంది, ఒకరికొకరు పొసగనివారిని కూడా ఒక చోట చేర్చగలదు. కానీ దాని లక్ష్యం ఒకటి లేకుండా పోవడం మాత్రమే; లేకుండా పోయిన తరువాత ఏం చేయాలో అది చెప్పజాలదు. రెండవ ప్రపంచయుద్ధంలో హిట్లర్‌ను ఓడించడానికి 1941 నుంచి చేతులు కలిపిన అమెరికా, బ్రిటన్, సోవియట్ యూనియన్‌లు 1945లో ఆ శత్రువు పోగానే రెండు పక్షాలుగా విడిపోయాయి, 1948 నాటికి బెర్లిన్ నగర దిగ్బంధం దగ్గర అమెరికా, బ్రిటన్ ఒకవైపు, సోవియట్ యూనియన్ మరోవైపు ఎదురెదురుగా నిలిచాయి. కక్ష తీర్చుకున్న వ్యక్తుల్లోనూ ఇదే చూశాను. ఏళ్ల తరబడి నడిపిన కేసు గెలిచిన వారం రోజులకే, ఇక పొద్దున లేచి ఏం చేయాలో తెలియడం లేదని వచ్చేవారు ఉన్నారు. ప్రేమ లక్ష్యం అలా ముగిసిపోయేది కాదు. మంచం పట్టిన తల్లికి ఏళ్ల తరబడి సేవ చేసేవారికి ఆ పనిలో గెలుపు అనేదే ఉండదు, అయినా మరుసటి రోజు మళ్లీ అదే పని చేస్తారు. అలసిపోతారు, విసుక్కుంటారు, ఒక్కోసారి ఆ తల్లే నొచ్చుకునేలా మాట్లాడతారు. ఆ విసుగును ద్వేషంగా పొరబడి తమను తాము దోషులుగా ఎంచుకునేవారు నా దగ్గరకు చాలామంది వస్తారు. ఒకే వ్యక్తి మీద రెండు విరుద్ధ భావాలు ఉండటం రోగం కాదని వారికి చెప్పడమే చాలాసార్లు నేను చేయగలిగే పెద్ద సాయం.

ముక్కూ మొహం తెలియని వర్గాల మీద ఉండే ద్వేషంలో ప్రేమ ఎక్కడిది అన్నది ఈ వాదనకు బలమైన అభ్యంతరం. 1954లో అమెరికా మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్, తనవారి మీద అభిమానం ముందు పుడుతుందనీ, అది పరాయివారి మీద వైరంగా మారితీరాలన్న నియమం లేదనీ చెప్పాడు. మనస్తత్వవేత్త హెన్రీ టాజ్‌ఫెల్, ఆయన సహచరులు 1971లో ప్రచురించిన ప్రయోగాల్లో 14, 15 ఏళ్ల బాలురను ఏ ప్రాధాన్యమూ లేని కారణం చూపి రెండు జట్లుగా విడదీశారు. మునుపు ఎలాంటి శత్రుత్వమూ లేని ఆ పిల్లలు డబ్బు పంచే సందర్భంలో తమ జట్టువైపు మొగ్గారు. అంతకంటే ముఖ్యంగా, తమ జట్టుకు దక్కే మొత్తం తగ్గినా సరే, అవతలి జట్టుకు తమకంటే తక్కువ రావడాన్ని తరచూ కోరుకున్నారు. అది ఇంకా ద్వేషం కాదు. కానీ తనవారి మీద అభిమానం ఏ మలుపు దగ్గర దారి తప్పుతుందో అది చూపిస్తుంది: మావాళ్లు బాగుండాలి అన్నది, మావాళ్లు వారికంటే బాగుండాలి అన్నదిగా మారే చోట. 2010లో నెదర్లాండ్స్ పరిశోధకుడు కార్స్టెన్ డి డ్రూ బృందం, తల్లీబిడ్డల బంధంలో ముఖ్యపాత్ర వహించే ఆక్సిటోసిన్ అనే హార్మోన్‌ను పురుషులకు ముక్కు ద్వారా ఇచ్చినప్పుడు, సొంత జట్టు మీద నమ్మకం, ఆ జట్టు కోసం త్యాగం పెరగడంతోపాటు, అవతలి జట్టు నుంచి ముప్పు ఉందనుకున్నప్పుడు ఆత్మరక్షణ కోసం చేసే వైరం కూడా పెరిగిందని గమనించింది.

నాకు ఈ విషయం మొత్తంలో అన్నిటికంటే ఆవశ్యకంగా తోచే పరిశోధన 2014లో వచ్చింది. ఆడమ్ వేట్జ్, లియాన్ యంగ్, జెరెమీ గింజెస్ అమెరికాలోని రిపబ్లికన్లను, డెమోక్రాట్లను, అలాగే ఇజ్రాయెలీలను, పాలస్తీనియన్లను వారి సంఘర్షణల గురించి ప్రశ్నించారు. అన్ని పక్షాలవారూ తమ పక్షం పోరాడేది ప్రధానంగా తమవారి మీద ప్రేమతోననీ, అవతలి పక్షం పోరాడేది ద్వేషంతోననీ భావించారు. ఈ భావన ఎంత బలంగా ఉంటే రాజీకి సిద్ధపడటం అంత తగ్గింది. అవతలి పక్షం ఉద్దేశాన్ని సరిగ్గా అంచనా వేస్తే డబ్బు ఇస్తామని చెప్పినప్పుడు అమెరికన్లలో ఈ పక్షపాతం తగ్గడం కూడా గమనించారు, అంటే అది మార్చలేని స్వభావం కాదు. విడాకుల కేసుల్లో నేను వినేది కూడా ఇదే. పిల్లల కోసం పోరాడుతున్న తండ్రి తనది ప్రేమ అనీ, భార్యది పగ అనీ అంటాడు. తల్లి అదే మాటను తిప్పి చెబుతుంది. ఇద్దరూ నిజాయితీగానే చెబుతారు. మన ప్రేమ మనకు లోపలి నుంచి తెలుసు, ఎదుటివారి నుంచి మనకు చేరేది దాని దెబ్బ మాత్రమే.

ద్వేషం సొంతంగా బతకడం నేర్చుకుంటుందని మొదట అన్నాను, దాని గురించి చెప్పాలి. ఆస్తి తగాదాతో విడిపోయిన అన్నదమ్ములకు ఆ తగాదా న్యాయంగా పరిష్కారమైన తరువాత కూడా మాటలు కలవకపోవడం చాలాసార్లు చూశాను. అప్పటికి ద్వేషానికి వేరే ఆధారాలు ఏర్పడి ఉంటాయి. జరిగినదాన్ని పదే పదే తలచుకుని చెప్పుకున్న కథ ఒకటి, ఆ కథను నమ్మి వెంట నిలిచిన బంధువర్గం ఒకటి, అన్యాయానికి గురైనవాడిని నేను అన్న గుర్తింపు ఒకటి. వాటితోపాటు, ద్వేషంతో మనం చేసిన పనులు కూడా. తాను హాని చేసిన మనిషిని ద్వేషించడం మానవ స్వభావమని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. హాని చేసినవాడికి తన పని న్యాయమే అనిపించుకోవాలంటే ఎదుటివాడు చెడ్డవాడై ఉండటం అవసరమవుతుంది. ఈ దశకు చేరిన ద్వేషంతో దాని మూలంలో ఉన్న ప్రేమ గురించి మాట్లాడి ప్రయోజనం ఉండదు. వారిని ముందుగా అడగవలసింది, ఈ ద్వేషం లేకపోతే మీ జీవితంలో ఏ చోటు ఖాళీ అవుతుంది అన్నది.

అలాంటి ద్వేషం తిరిగి ప్రేమగా మారుతుందా? ప్రేమ చేత పూర్తిగా జయించబడిన ద్వేషం ప్రేమగా మారుతుందనీ, అది మునుపు ద్వేషం లేనప్పటి ప్రేమ కంటే పెద్దదవుతుందనీ స్పినోజా అన్నాడు. అలా జరగడం నేను చూశాను, కానీ అరుదుగా, ఇద్దరూ తమ వంతు తప్పును పేరు పెట్టి ఒప్పుకున్న చోట మాత్రమే. ఎక్కువమందిలో ద్వేషం మొదట శోకంగా మారుతుంది. పోయినది తనకు ఎంత ప్రియమైనదో ఒప్పుకుని ఏడవగలిగిన రోజు నుంచి అవతలి మనిషి గురించి ఆరా తీయడం తగ్గుతుంది, ఆ తరువాత నెమ్మదిగా ఉదాసీనత వస్తుంది. మీరు కోరుకోదగినది ప్రస్తుతానికి అదేనని నా సలహా. ద్వేషం తగ్గడానికి ఆ మనిషిని మళ్లీ కలవాలనో, క్షమించినట్టు ప్రకటించాలనో, పాత సంబంధంలోకి తిరిగి వెళ్లాలనో ఎవరైనా ఒత్తిడి చేస్తే ఒప్పుకోకండి. ముఖ్యంగా ఆ సంబంధంలో కొట్టడం, బెదిరించడం ఉండి ఉంటే దూరంగా ఉండటమే సరైనది, మీలోని ద్వేషం ఉన్నా, తగ్గినా.